వంతు అయ్యాక గట్టు దిగాలి

పోయిన వారం మోకాళ్ళ నొప్పి చూపించుకుందామని మదనపల్లె వెళ్ళాను. ఆసుపత్రి వరండాలో నా ముందు ఒకాయన తన భార్యను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని ఉన్నాడు. ఆమెకు ఒక పక్క పడిపోయినట్టుంది. నర్సమ్మ వచ్చి ఆమెకు బీపీ చూసింది, ఏ మందులు వాడుతున్నదీ అడిగింది. అదంతా మామూలే. ఆ తర్వాత ఆమె మొగుడి వైపు తిరిగి, "మీరు సరిగ్గా నిద్రపోతున్నారా? మీకు సాయం ఎవరన్నా ఉన్నారా? ఒక పూటైనా బయటికి పోయి వస్తున్నారా?" అని అడిగింది. ఆయన అది తన గురించి కాదనుకుని వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను నా వెనక ఎవరున్నారా అని చూశాను. నా వెనక గోడ ఉంది. "మిమ్మల్నే సార్ అడిగేది" అంది ఆ పిల్ల. ఆయన, "నాకేం జబ్బు లేదమ్మా" అన్నాడు. నాకు ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. కాసేపటికి గుర్తొచ్చింది, దాదాపు అదే మాట నేనే అన్నాను, ఇదే ఊళ్ళో, ఆసుపత్రిలో కాదు, లైబ్రరీలో.

నేను ఎనిమిదో తరగతితో బడి వదిలినవాణ్ణి. పుంగనూరు బజారులో చిల్లర కొట్టు పెట్టుకున్నాక, మధ్యాహ్నం బేరాలు ఉండని వేళ తలుపు ఓరగా వేసి లైబ్రరీకి పోవడం అలవాటైంది. పొడుగాటి బల్లలు, కర్రలకు బిగించిన పేపర్లు, తిరిగేటప్పుడు ఊగే ఫ్యాను, అద్దాల బీరువాలు. అందులో పుస్తకాలను నేను ఎంచుకుని చదవలేదు. ఎలా ఎంచుకోవాలో చెప్పేవాళ్ళు లేరు. అందుకని బీరువాలో ఎలా పేర్చి ఉంటే అలా, ఎడమ నుంచి కుడికి చదువుతూ పోయాను. అలా నాకు తేనెటీగల పెంపకం అయిపోగానే ఫ్రెంచి విప్లవం వచ్చింది, అది అయిపోగానే పశువుల గాలికుంటు వ్యాధి వచ్చింది. ఇప్పటికీ ఆ మూడూ నా బుర్రలో ఇరుగుపొరుగు ఇళ్ళలాగా పక్కపక్కనే ఉంటాయి. డిగ్రీలు చదివినవాళ్ళకు కూడా తెలియనివి నాకు కొన్ని తెలుసునని నాకు గట్టి నమ్మకం. కొట్టుకు వచ్చినవాళ్ళు ఉప్పో చింతపండో కొనుక్కుంటే, దాంతోపాటు ఒక సలహా కూడా పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి, అడిగినా అడక్కపోయినా. మా ఊళ్ళో నన్ను పుస్తకాలాయన అనేవారు. అందులో ఎగతాళి పాలు ఎంతో, మర్యాద పాలు ఎంతో నేనెప్పుడూ తూచలేదు.

మా ఊరు పుంగనూరుకు సైకిల్ మీద పోయి వచ్చేంత దూరం. వానను నమ్ముకున్న మెట్ట. చెనిక్కాయ, రాగి, కాసిని టమాటాలు. మా నాయనకూ మా చిన్నాయనకూ కలిపి ఒకే బావి. రాతి మెట్లు కట్టిన దిగుడు బావి. ఎద్దులతో తోలు బాన లాగించి నీళ్ళు తోడే కపిల కాలంలో ఆ బావి గట్టు మీద అన్నదమ్ములిద్దరికీ రోజూ రగడే. ఒకరు నీళ్ళు తోలుతుంటే రెండోవాడు వచ్చి గట్టు మీద నిలబడతాడు. ఏమీ అనడు. ఊరికే నిలబడి చూస్తాడు. ఆ చూపుకే తోలేవాడికి ఒళ్ళు మండుతుంది. చివరికి మా నాయనే ఒక పద్ధతి పెట్టాడు. ఒక రోజు ఒకరిది, మరుసటి రోజు ఇంకొకరిది. పొద్దు పొడిచినాక వంతు మారుతుంది. మారేటప్పుడు వంతు అయిపోయినవాడు రెండోవాణ్ణి బావిలోకి పిలుచుకుపోయి, నీళ్ళు ఏ మెట్టు దాకా ఉన్నాయో చూపించి, "సూసుకో" అనాలి. రెండోవాడు చూసి, "సూసినా, పో" అనాలి. ఆ మాట అన్నాక మొదటివాడు గట్టు దిగి వెళ్ళిపోవాల్సిందే. బీడీ తాగుతా కూర్చుంటానన్నా కుదరదు. "నిలబడితే వానికి పని సాగదు, నీకు మనసు నిలవదు" అనేవాడు మా నాయన. ఒకసారి ఆయనే తన తుండుగుడ్డ గట్టు మీద మరిచిపోయి ఇంటికి వచ్చేశాడు. ఎండలో బోడి నెత్తితో తిరిగాడు గానీ తమ్ముడి వంతులో గట్టెక్కి దాన్ని తెచ్చుకోలేదు. తెల్లారి తన వంతు వచ్చాకే తెచ్చుకున్నాడు. డెబ్బైల్లో కపిల పోయి కరెంటు మోటారు వచ్చింది. ఎద్దులు పోయాయి, తోలు బాన పోయింది, ఆ రెండు మాటలూ గట్టు దిగడమూ మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఎనభైల్లో ఒక వేసవిలో మా నాయనకు పక్షవాతం వచ్చింది. పొద్దున చేనికి పోయిన మనిషిని మా అన్న బండి మీద వేసుకుని వచ్చాడు. మదనపల్లెలో పెద్ద డాక్టరు చూసి, కుడి పక్క రావడానికి చాలా కాలం పడుతుంది, రాకపోనూవచ్చు, చూసుకునేవాళ్ళ చేతిలో ఉంది అన్నాడు. మా అమ్మ అప్పటికే లేదు. నాయన భోజనం మొదటి నుంచీ మా ఇంట్లోనే. నాయన చేను చూసుకునే అన్నదీ, చిన్నాయనదీ అదే వీధి. అందరం నాయన మంచం చుట్టూ నిలబడి ఉన్నప్పుడు మా చిన్నాయన, "సదివినోడు వాడుండాడు గదా, వానికన్నీ తెలుస్తాయి" అని నన్ను చూపించాడు. ఆ మాటకు నా ఛాతీ ఎంత వెడల్పయిందో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

మరుసటి రోజే లైబ్రరీలో పక్షవాతం మీద ఉన్నదంతా చదివేశాను. పుస్తకం తప్పేమీ చెప్పలేదు, ఆ మాట ముందే చెప్పాలి. పక్క మార్చకపోతే వీపు పుండ్లు పడుతుందని, పడిపోయిన చెయ్యి పట్టి లాగితే భుజం జారుతుందని, కూర్చోబెట్టి గాని మంచినీళ్ళు పట్టకూడదని అందులో ఉంది. నేను అలాగే చేశాను. నాయన వీపు మీద ఒక్క పుండు పడలేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ పుస్తకం చదివినవాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే కావడం. మా అన్న వచ్చి ప్రేమగా నాయన చెయ్యి పట్టుకుంటే, "ఆ చెయ్యి కాదు, ఆ చెయ్యి పట్టుకోకూడదు" అనేవాణ్ణి. మా వదిన సంగటి తెస్తే, "గంజి మాత్రమే" అనేవాణ్ణి. చిన్నాయన మంచం మీద కూర్చుని ఊరి కబుర్లు మొదలుపెడితే, "జబ్బు మనిషికి ఉద్రేకం పనికిరాదు" అనేవాణ్ణి. చిన్నాయన లేచి తుండుగుడ్డ దులుపుకుని, "నీ కాలేజీలో మాకు సీటు రాదులేరా" అని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు వాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి, "ఎట్లుండాడు?" అని అడిగి పోవడం మొదలుపెట్టారు. నేను దాన్ని కూడా మంచికే అనుకున్నాను. ఇంట్లో సందడి తగ్గిందని.

అలా వానలు పడ్డాయి, చలి వచ్చింది. పొద్దున నాయన పనులన్నీ చేసి, కొట్టుకు పోయి, మధ్యాహ్నం సైకిల్ తొక్కుకుంటూ వచ్చి పక్క మార్చి, మళ్ళీ పోయి, చీకటి పడకముందే వచ్చేసేవాణ్ణి. నిద్రలో నాయన దగ్గితే లేచేవాణ్ణి. దగ్గకపోతే, ఎందుకు దగ్గలేదా అని లేచేవాణ్ణి. లైబ్రరీ మొహం చూసి ఎన్ని నెలలైందో. కొట్టులో చక్కెర అడిగినామెకు ఉప్పు కట్టి ఇచ్చాను. ఆమె పాయసం పాడైన కోపంతో బజారంతా వినిపించేటట్టు మాట్లాడింది. నా కూతురు పలక మీద అ ఆలు రాసి చూపించడానికి వస్తే, మీద పడి అరిచాను. పిల్ల పలక అక్కడే పడేసి వాళ్ళమ్మ వెనక్కి పోయి దాక్కుంది. మా ఇంటామె ఆ రోజు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, "ఇదో, మామను సూసుకుంటాండావు, బాగుండాది. నిన్నెవురు సూసుకోవాల? నేను సూద్దామంటే దగ్గరికి రానీకుండా ఉండావే" అంది. "నాకేమైంది?" అన్నాను. "అద్దంలో సూసుకో" అంది. చూసుకున్నాను. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, నాయన కంటే నేనే జబ్బు మనిషిలాగా ఉన్నాను. నాయనకు రోజు విడిచి రోజు గడ్డం గీసేవాణ్ణి కదా, ఆయన మొహం నిగనిగలాడుతూ ఉండేది.

నాకు తెలిసిన మందు ఒకటే, పుస్తకం. సరుకులకు మదనపల్లె పోయిన రోజు అక్కడి పెద్ద లైబ్రరీలోకి దూరాను. అక్కడి లైబ్రరీ సారు కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఏం పుస్తకం గావాలప్పా?" అన్నాడు.

"జబ్బు మనిషి పక్కన ఉండేవాని గురించి సార్."

"ఏం జబ్బు?"

"జబ్బు నాకు లేదు సార్. మా నాయనకు."

"మరి నీకేమైంది?"

"అదే తెలీక వచ్చినా సార్."

ఆయన పాపం నన్ను గేలి చెయ్యలేదు. వైద్యం బీరువా తాళం తీసి ఇద్దరం కలిసి వెతికాం. కలరా ఉంది, క్షయ ఉంది, బాలింతల ఆహారం ఉంది, పాముకాటు ఉంది. మంచం మీద పడుకున్నవాడి కోసం అన్ని పుస్తకాలు ఉన్నాయి, మంచం పక్కన కూర్చున్నవాడి కోసం ఒక్కటీ లేదు. చివరికి ఆయన ఒక యోగాసనాల పుస్తకం చేతిలో పెట్టి, "శవాసనం ఎయ్యప్పా, మనసు నిమ్మళిస్తాది" అన్నాడు. ఆ సాయంత్రమే నాయన మంచం పక్కన చాప పరుచుకుని, పుస్తకంలో ఉన్నట్టే కాళ్ళూ చేతులూ వదిలేసి, కళ్ళు మూసుకుని పడుకున్నాను. కాసేపటికి మంచం మీద నుంచి నాయన ముద్దముద్దగా, "ఏమిరా, నువ్వు గూడానా?" అన్నాడు. మా ఇంటామె లోపల నవ్వు ఆపుకోలేక చెంబు కింద పడేసింది. నా శవాసనం అంతటితో సరి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క వచ్చింది. అక్కను కుప్పం వైపు, రామకుప్పం దగ్గర పల్లెలో ఇచ్చాం. పలమనేరులో బస్సు మారి రావాలి. వస్తూనే నన్ను చూసి, నాయన దగ్గరికి పోవడం మాని నా ముందు కూర్చుంది. "ఏందప్పా ఇది, ఎట్లయిపోయినావు?" అంది. నేను ఏమీ లేదక్కా అనబోయి, గడ్డం తడుముకున్నాను. అక్క అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. "నాయన్ను నేను తీసకపోతా. రాగి కోతలు అయిపోనీ, మీ బావను పిలుచుకోని వచ్చి తీసకపోతా" అంది.

"నీకు యాడ కుదురుతుందక్కా? బావ రాత్రంతా చేని కాడనే గదా?"

"అవునప్పా, ఏనుగులు దిగుతాండాయి. డబ్బాలు కొట్టుకుంటా కూసోనుంటాడు. అయినా ఏనుగులన్నా కొన్నాళ్ళు అడివికి పోతాయి. నీకు అది గూడా లేదే."

మేం మాట్లాడుకుంటున్నది నాయన మంచం మీద నుంచి వింటూనే ఉన్నాడు. గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. ఆ గోడ అవతల మా చేను, చేను అవతల బావి. పుట్టినప్పటి నుంచి ఆయన ఆ బావి నీళ్ళు తాగని రోజు లేదు. మదనపల్లె ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా మా అన్న క్యానులో తెచ్చి ఇచ్చేవాడు. అక్క మాటకు నా మీద నుంచి ఒక బరువు జారి పోయింది, నిజం. జారిపోగానే ఇంకోటి వచ్చి కూర్చుంది. నాయనను పంపితే ఆయన బతకడనిపించింది. పంపకపోతే నేను ఏమైపోతానో తెలియలేదు. రాగి కోతలు అప్పటికే మొదలయ్యాయి. అక్క ఎప్పుడు బస్సు దిగుతుందా అని ఒక మనసు, దిగకపోతే బాగుండునని ఒక మనసు.

అలా ఉండగా ఒక పొద్దున, నాయనను మంచం మీద నుంచి లేపి నీళ్ళ గదికి తీసుకుపోతున్నాను. ఆయన మంచి బారు మనిషి. పడిపోయిన పక్క బరువంతా నా మీద. వసారా మధ్యకు వచ్చేసరికి నా మోకాళ్ళు ఒక్కసారిగా వదిలేశాయి. పడలేదు, ఇద్దరం కలిసి మెల్లగా నేల మీద కూర్చుండిపోయాం. ఆయన నా ఒళ్ళో, నేను గోడకు ఆనుకుని. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. కానీ మళ్ళీ లేపుదామంటే చేతులు రాలేదు. నాయన తల ఎత్తి నా మొహంలోకి చూశాడు, చాలాసేపు. తర్వాత, "ఈ పొద్దు నీళ్ళు ఎవురివి?" అన్నాడు.

జబ్బు మెదడు మీదికి వచ్చిందనుకున్నాను. ఇలాంటప్పుడు రోగితో వాదించకూడదని, నిదానంగా వేరే మాటలోకి తిప్పాలని నేను చదివి ఉన్నాను. "నీళ్ళు కాగినాయి నాయనా, పోసుకుందువులే" అన్నాను, చిన్నపిల్లకు చెప్పినట్టు. ఆయనకు కోపం వచ్చింది. మంచి చెయ్యి ఎత్తి గోడ అవతలికి చూపించి, "బాయి నీళ్ళురా! ఈ పొద్దు ఎవురివి?" అన్నాడు, ఒక్కొక్క మాటా తవ్వి తీసినట్టు.

"చిన్నాయనవి."

"అట్లయితే మీ అన్న ఖాళీ. పిలువు."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఆయన మెదడు మీదికి ఏమీ రాలేదు. ఎప్పటి నుంచి ఆలోచించుకుంటున్నాడో, లెక్క తేల్చుకుని కూర్చున్నాడు. చిన్నాయనకు నీళ్ళున్న రోజు అన్నకు చేన్లో పని ఉండదు. అన్నకు నీళ్ళున్న రోజు చిన్నాయన ఖాళీ. పగటిపూట ఖాళీగా ఉన్నవాడు నాయన దగ్గర ఉండాలి, పొద్దు వాలినాక నేను. మా ఇంటామె పరుగెత్తి అన్ననూ, చేన్లో ఉన్న చిన్నాయననూ పిలుచుకొచ్చింది. అన్న ఒక్కడే నాయనను ఎత్తి మంచం మీద కూర్చోబెట్టాడు. ఏ చెయ్యి పట్టుకుంటున్నాడో చూడటానికి కూడా నాకు శక్తి లేకపోయింది.

విషయం తెలిసి అన్న తల ఊపాడు. నాకే ఒప్పుకోబుద్ధి కాలేదు. "నాయన్ను వంతులేసుకున్నారంటే ఊళ్ళో నవ్వరా?" అన్నాను. మా వైపు ఆ మాట చాలా పెద్ద మాట. పెద్దవాళ్ళను నెల ఒకరింట్లో, నెల ఒకరింట్లో తిప్పేవాళ్ళను మేం మనుషుల్లో కలిపేవాళ్ళం కాదు. నాయన తల అడ్డంగా ఊపాడు. "నేను యాడికీ పోను. మంచం ఈడే. మీరే మారండి" అన్నాడు. కాస్త ఊపిరి తీసుకుని, "వంతుకు బాయి ఇంటింటికీ పోతాదా?" అన్నాడు. చిన్నాయన మొదట పకపకా నవ్వాడు, ఆ తర్వాత తుండుగుడ్డ మొహానికి అద్దుకుని చాలాసేపు తీయలేదు.

ఆ రోజే అన్న వంతు మొదలైంది. నేను కొట్టుకు బయలుదేరినట్టే బయలుదేరి, గుమ్మంలో నిలబడ్డాను. అన్న నాయనకు నీళ్ళు పట్టబోతున్నాడు. "ముందు కూర్చోబెట్టు" అన్నాను. కూర్చోబెట్టాడు. "వీపు వెనక దిండు." పెట్టాడు. "ఆ దిండు కాదు, గట్టిది." మార్చాడు. "చెంబుతో కాదు, చెంచాతో." అన్న మొహం ఎర్రబడుతోంది. అప్పుడు నాయన మంచి చెయ్యి చాపి, వేలు నా వైపు చూపించి, ఇన్ని నెలల్లో అంత స్పష్టంగా మాట్లాడింది లేదు, "గట్టు దిగు!" అన్నాడు. అన్న గబుక్కున నవ్వేశాడు. చెంచా నీళ్ళు దుప్పటి మీద పడ్డాయి. లోపల మా ఇంటామె నవ్వుతోంది. నేను నిలబడ్డది మా ఇంటి గుమ్మం మెట్టు మీద. ఆ మెట్టు దిగాను. దిగి సైకిల్ ఎక్కాను.

కొట్టు తీసి, మధ్యాహ్నం కాగానే సైకిల్ అలవాటుగా ఊరివైపు తిప్పి, మళ్ళీ ఆపాను. చాలా నెలల తర్వాత చేతిలో ఒక పూట ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. పుంగనూరు లైబ్రరీకి పోయాను. అవే బల్లలు. ఒక పేపరు తీసి ముందు పరుచుకున్నాను. మొదటి వార్త చదివినట్టు గుర్తు. ఆ తర్వాత ఎవరో భుజం తట్టారు. లైబ్రరీ సారు. "మూసే టైమయింది, లెయ్యప్పా" అన్నాడు. బుగ్గ మీద పేపరు సిరా అంటుకుని ఉంది. అన్ని పుస్తకాలున్న చోట, ఒక్క పేజీ చదవకుండా అంత బాగా గడిపిన మధ్యాహ్నం నాకు మరొకటి లేదు. భయపడుతూ ఇంటికి వచ్చాను. నాయన గడ్డం ఒక పక్క గీసి, ఒక పక్క గాట్లతో ఉంది. అన్న ఆయనకు మజ్జిగలో మెత్తగా పిసికిన సంగటి తినిపించాడట, నాలిక మీద కాస్త ఊరిబిండి పచ్చడి కూడా రాశాడట. పుస్తకం లెక్కన అది తప్పో ఒప్పో నేను అడగలేదు. నాయన బతికే ఉన్నాడు, పైగా మొహంలో కళ ఉంది. అన్న లేచి, "సూసుకో" అన్నాడు. నేను నాయన వీపు చూశాను, కాళ్ళు చూశాను, తడి ఏమైనా ఉందేమో చూశాను. "సూసినా, పో" అన్నాను. అన్న మెట్టు దిగి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

చిన్నాయన వంతు వేరే రకం. ఆయన వచ్చాడంటే ఊళ్ళో ఎవరి దూడ ఎవరి చేన్లో పడిందో మొత్తం పురాణం. నాయన సగం నోటితో నవ్వి నవ్వి ఆయాసపడేవాడు. డాక్టరు ఒకసారి చూసి, మాట బాగా తిరుగుతోందే, ఏం మందు వాడుతున్నారు అని అడిగాడు. కరెంటు లేని రోజు ఇద్దరికీ చేన్లో పని ఉండదు కాబట్టి ఇద్దరూ వచ్చేసేవారు. ఆ రోజుల్లో కరెంటు పోతే సంతోషించిన మనిషి జిల్లాలో మా నాయన ఒక్కడే అయ్యుంటాడు. మరి పుస్తకం ఏమైందంటే, అదీ పనికొచ్చింది. నేను లేని వేళల్లో ఏం చెయ్యాలో వాళ్ళే నన్ను ముందుగా అడగడం మొదలుపెట్టారు, "ఆ భుజం సంగతి ఇంగోసారి సెప్పు" అని. చెప్పేటప్పుడు ఒక్కటే జాగ్రత్త, చెప్పి వెళ్ళిపోవాలి. కొన్నాళ్ళకు మా ఇంటామె నడుం మీద చెయ్యి పెట్టుకుని మంచం ముందు నిలబడి, "అందరికీ వంతులేసినావు మామా, గంజి కాసేదానికి వంతు లేదా?" అని అడిగింది. నాయన వెంటనే మా వదినను పిలిపించాడు. మా ఇంటామె పిల్లను తీసుకుని గంగవరం దగ్గర వాళ్ళ పుట్టింటికి పోయి, తిరిగి వచ్చేసరికి బుగ్గలు తేరి వచ్చింది.

రాగి కోతలు అయిపోయి అక్కా బావా వచ్చారు, నాయనను తీసుకుపోవడానికి. అక్క గుమ్మంలోకి రాగానే చిన్నాయన ఏదో దూడ కథలో ఉన్నాడు. నాయన చెయ్యి ఎత్తి అక్కను ఆగమన్నాడు, కథ పూర్తికానీ అని. అది పూర్తయ్యాక, "ఈడ నీళ్ళుండాయమ్మే. నేను రాను" అన్నాడు. అక్కకు సంగతి చెప్పాం. ఆమె మొదట నమ్మలేదు. నా గడ్డం వైపు, నాయన గడ్డం వైపు మార్చి మార్చి చూసింది. ఈసారి నాది నున్నగా ఉంది, ఆయనదే వంకర. "అట్లయితే నాకు వంతు లేదా? నేను ఆయన కూతురు గాదా?" అని పోట్లాటకు దిగింది. ఏనుగులు అడివికి పోయిన కాలం నీ వంతు అని నాయన తేల్చాడు. ఆ మాట ప్రకారమే ప్రతి ఏడూ అక్క వచ్చి కొన్నాళ్ళు ఉండి పోయేది. తిరిగి బస్సెక్కేటప్పుడు, "ఏనుగులు వచ్చినాయంట నాయనా, పోవాల" అని నాయనకు చెప్పేది, ఆఫీసుకు టైమయిందన్నట్టు.

అలా మా నాయన మరి కొన్నేళ్ళు ఉన్నాడు. కర్ర పట్టుకుని వసారా దాకా నడిచాడు కూడా. ఆయన పోయింది ఒక మధ్యాహ్నం, చిన్నాయన వంతులో, కబుర్లు వింటూ వింటూ. నేను లైబ్రరీలో ఉన్నాను. ఏ పుస్తకమో ఇప్పటికీ గుర్తుంది, నక్షత్రాల మీద. అన్న వచ్చి పిలిస్తే పరుగున వచ్చాను. నేను లేనప్పుడు పోయాడే అనే బాధ వస్తుందేమో అని దారంతా భయపడ్డాను. చిన్నాయన మంచం పక్క నుంచి లేచి నిలబడ్డాడు. నాయన మొహం మీది దుప్పటి తప్పించాడు. "సూసుకోరా" అన్నాడు. నేను చూశాను. కడిగిన మొహం, దువ్విన జుట్టు, వీపు మీద ఒక్క మచ్చ లేని మనిషి. "సూసినా, పో చిన్నాయనా" అన్నాను. ఆయన మెట్టు దిగి వెళ్ళి, వీధిలో నిలబడి ఏడ్చాడు. నాకు ఆ బాధ రాలేదు. ఏడుపు వచ్చింది, ఆ బాధ మాత్రం రాలేదు.

పోయిన వారం మదనపల్లె ఆసుపత్రిలో నర్సమ్మ వెళ్ళిపోయాక, నా ముందున్న ఆయనతో, "పొయ్యి టీ తాగి రాప్పా, ఆమె దగ్గర నేనుంటా" అన్నాను. ఆయన వద్దన్నాడు. మళ్ళీ అడిగితే లేచాడు. గేటు దాకా పోయి, అక్కడ నిలబడి మా వైపే చూస్తున్నాడు. "గట్టు దిగప్పా!" అని కేకేశాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు గానీ నవ్వుకుంటూ రోడ్డు దాటాడు. చక్రాల కుర్చీలో ఆమె, సగం పెదవులతో, నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వు. మా బావిలో ఇప్పుడు నీళ్ళు లేవు. ఎవరి చేన్లో వాళ్ళకు బోరు ఉంది, ఎవరూ ఎవరికీ ఏ మెట్టూ చూపించాల్సిన పని లేదు. నా మోకాళ్ళను బట్టి చూస్తే నా పొద్దు కూడా వాలుతున్నట్టే ఉంది. కాలం ఎవరికిచ్చినా ఒక వంతే ఇస్తుంది కదా, నాది ఇంకాస్త మిగిలి ఉంది, అందులో నీళ్ళూ ఉన్నాయి, నా తర్వాత వంతువాడు వచ్చి "సూసినా, పో" అనేదాకా తొందరేమీ లేదు.